కాయలో నీళ్ళు పోసిందెవరు

మా మావయ్యగారు దేవుడు లేడని వాదించడానికి కూర్చున్నప్పుడల్లా అత్తయ్యగారు ముందు ఆయనకు కాఫీ తెచ్చి ఇచ్చేవారు. "తాగి మొదలెట్టండి, గొంతెండిపోద్ది" అనేవారు. ఆవిడకు దేవుడి మీద అంత ధీమా.

మావయ్యగారు హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఏ విషయమైనా ఆయనకు రేఖాగణితంలోలా మూడు ముక్కల్లో ఉండాలి. దత్తాంశం, సారాంశం, ఉపపత్తి. అంటే ఇచ్చిందేమిటి, తేల్చాల్సిందేమిటి, ఎలా తేల్చావు అని. కూర బాగుందండీ అంటే "దేంతో పోలిస్తే?" అని అడిగే మనిషి. అత్తయ్యగారు కూరలో ఉప్పు కూడా దేవుడే చూసుకుంటాడనే మనిషి. మా ఆయన మస్కట్‌లో ఉద్యోగం చేసుకుంటూ ఏడాదికోసారి వచ్చి వెళ్తారు కాబట్టి వీళ్ళిద్దరి తగువుకీ తీర్పరిని నేను. మాది మెట్ట ప్రాంతం. ఈ కోనసీమ ఇంటికి కోడలినై వచ్చి, అమలాపురంలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నాను. "మేడమ్, దేవుడున్నాడా?" అని క్లాసులో ఎవరైనా అడిగితే "సిలబస్‌లో లేడు" అని తప్పించుకుంటాను. ఇంట్లో ఆ వీలు లేదు.

నేను వచ్చిన కొత్తలో ఒక మధ్యాహ్నం అత్తయ్యగారు బొండం కొట్టి చేతికిచ్చి అడిగారు, "ఇందులో నీళ్ళు పోసిందెవరమ్మా? పైనెక్కడా కంతయినా లేదు కదా" అని. నాకు చదువు చూపించుకునే వయసు. వేళ్ళు నేలలోంచి నీరు పీల్చడం, ఆ నీరు మానులోని సన్నటి గొట్టాల్లోంచి అంత ఎత్తుకు పాకడం, లోపల పెరగబోయే మొలకకు అది ఆహారం కావడం అంతా వివరంగా చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విన్నారు.

"దారి చెప్పేవమ్మా. బాగుంది. నేను పోసిందెవరని అడిగేను" అన్నారు.

అరుగు మీద పేపరు చదువుతున్న మావయ్యగారు తలెత్తకుండానే అందుకున్నారు. "దారి తెలిసిపోయేక పోసేవాడితో పనేవిటే? పోనీ నీ మాటే దత్తాంశం అనుకో. ప్రతిదానికీ ఓ కర్త ఉన్నాడు. మరి ఆ కర్తకి కర్త ఎవరు? ఎవరూ లేరంటే నీ దత్తాంశం తప్పు. ఉన్నారంటే లెక్క ఎప్పటికీ తెగదు."

"తెగకపోతే వచ్చిన నష్టవేంటండీ? గోదారి తెగుతోందా?" అన్నారావిడ.

నిజం చెప్పొద్దూ, ఆ మధ్యాహ్నం నుంచి ఇప్పటిదాకా ఆ ఇద్దరి ప్రశ్నల్లో ఏది పెద్దదో నేను తేల్చుకోలేదు. ఒకసారి నేనూ ఓ చెయ్యి వేద్దామని, గురుత్వాకర్షణ ఇప్పుడున్నదానికంటే ఏ కాస్త ఎక్కువైనా, తక్కువైనా నక్షత్రాలే ఉండేవి కావట, ఇంత పొందిక ఊరికే వస్తుందా అన్నాను. మావయ్యగారు నవ్వి, మన దొడ్లో కొబ్బరిచెట్టు కూడా ఈ ఇసుకనేలనీ ఈ ఉప్పుగాలినీ నాకోసమే చేయించారనుకుంటూ ఉంటుందమ్మా, ఇక్కడ బతకలేనివి ఇక్కడ లేవు కాబట్టి వాటి అభిప్రాయం మనకు తెలీదు అన్నారు. "అనుకుంటే తప్పేవిటండీ, కాస్తోంది కదా" అని వంటింట్లోంచి వినిపించింది. మావయ్యగారిలో ఒక గొప్పతనం ఉంది. లేడని కూడా తాను రుజువు చేయలేనని ఒప్పుకునేవారు. రుజువు లేని మాట మాత్రం నోట రానివ్వనని ఆయన పంతం. పెళ్ళిళ్ళలో కూడా "శుభం జరుగుతుంది" అనేవారు కాదు, "జరగాలని కోరుకుంటున్నాను" అనేవారు.

అత్తయ్యగారి పుట్టిల్లు ద్రాక్షారామం వైపు. ఏ పెద్ద పని తలపెట్టినా ముందు గుడిలో కాయ కొట్టి చూడటం ఆ ఇంటి ఆనవాయితీ. లోపల తెల్లగా ఉంటే సరేనని, కుళ్ళి ఉంటే వద్దని. పువ్వొస్తే ఇంక అడగక్కర్లేదు. ఊళ్ళో మిగతావాళ్ళు కాయ కుళ్ళితే "కీడు పోయిందిలే" అనుకుని ఇంకోటి కొట్టేసేవారు. అది మాత్రం ఆవిడ ఒప్పుకునేవారు కాదు, ఒకసారి అడిగేక మాటంటే మాటే. మావయ్యగారైతే ఎగిరిపడేవారు. "తెల్లగా ఉంటే మంచిదట, కుళ్ళితే ఇంకా మంచిదట! ఓడిపోవడం తెలీని మాట మాటే కాదు, మోసం" అని. మొగుడూ పెళ్ళాలు ఏకీభవించింది ఆ ఒక్క విషయంలోనే.

కానీ ఆవిడ కాయ ఎప్పుడూ కుళ్ళలేదు. కారణం మా అందరికీ తెలుసు. గుడికి వెళ్ళేముందు ఆవిడ పాకలోని కొబ్బరికాయల రాశి దగ్గర గొంతుక్కూర్చునేవారు. ఒక్కో కాయా తీసి చెవి దగ్గర ఊపి, గోటితో మీటి, ఊహూ అని పక్కన పెట్టి ఇంకోటి తీసేవారు. చివరికి ఏదో ఒకదాని దగ్గర మొహం విచ్చుకునేది. "మంచి కాయ" అని లేచేవారు. పుట్టినప్పటినుంచీ కొబ్బరి మధ్య పెరిగిన చెవి అది.

"పరీక్షకి ముందే పేపరు చూసేసుకుని ఫస్టొచ్చేనంటే ఎలాగే? అది నీ దేవుడి జవాబు కాదు, నీ చెవి జవాబు" అనేవారు మావయ్యగారు.

"కుళ్ళిన కాయ తెలిసి తెలిసి దేవుడికెలా ఇస్తామండీ?" అనేవారావిడ. ఇద్దరిదీ న్యాయమే. ఈ కొబ్బరి సీమలో ఇంకెవరి చేతిలో పెట్టినా అంతే, ముందు ఊపి చూడకుండా ఉండలేరు.

రెండేళ్ళ కిందట అత్తయ్యగారికి కాలవగట్టు ఎక్కితే ఆయాసం రావడం మొదలైంది. తర్వాత వాకిలి ఊడ్చినా వచ్చేది. కాకినాడ తీసుకెళ్ళాం. అక్కడ చీకటి గదిలో ఆవిడ ఛాతీ మీద ఓ పరికరం పెట్టి, తెర మీద గుండెను చూపించారు. తోడుగా నన్ను లోపల ఉండనిచ్చారు.

టెన్త్‌లో గుండె బొమ్మ నేనూ వేశాను. కవాటం అంటే ఏమిటో, ఏ పక్క ఒత్తిడి పెరిగితే ఎటు తెరుచుకుంటుందో తెలుసు. దాన్ని ఎవరూ తెరవనక్కర్లేదు, రక్తమే తోసుకుంటుంది. అంతా తెలిసీ, ఆ తెర మీద కాలవ లాకు తలుపుల్లాంటి ఆ సన్నటి రెక్కలు తెరుచుకోవడం, మూసుకోవడం, మళ్ళీ తెరుచుకోవడం చూస్తూ తెరకు ఇంకా దగ్గరగా జరిగాను. నాకు కాఫీలూ బొండాలూ ఇచ్చిన మనిషి లోపల, ఆవిడ ఇంకా తల్లి కడుపులో ఉండగానే మొదలై, ఒక్క పూట సెలవు లేకుండా ఇది ఇలా కొట్టుకుంటూనే ఉందా అనిపించింది. ఎలాగో తెలియడం వల్ల ఆశ్చర్యం తగ్గుతుందని చిన్నప్పుడు అనుకునేదాన్ని. తగ్గదు. ఆ గదిలో నాకు దండం పెట్టాలనిపించింది, ఎవరికో తెలియలేదు.

రెక్కలు గట్టిపడిపోయాయనీ, సరిగ్గా తెరుచుకోవడం లేదనీ, కవాటం మార్చాలనీ డాక్టరు చెప్పారు. ఆలస్యం చేస్తే గుండె అలిసిపోతుందన్నారు. అత్తయ్యగారు చీర సర్దుకుంటూ "ఆయ్. కాయ కొట్టి చెప్తామండీ" అన్నారు. ఆ డాక్టరు ఇటువంటివి విని విని ఉన్నట్టున్నారు. "తొందరగా కొట్టండమ్మా" అన్నారు.

ఇంటికొచ్చాక, అన్నాలు తింటుండగా ఆవిడ తాపీగా చెప్పారు. "ఈసారి నేను ఊపి చూడనండీ."

మావయ్యగారు కంచం మీంచి తలెత్తారు.

"మీరన్నదే నిజం. ఇన్నాళ్ళూ నేనే ఏరుకుని తీసుకెళ్ళి ఆయన సరేనన్నాడనుకున్నాను. ఇది ప్రాణం సంగతి కదండీ. నా చెవి జవాబు నాకొద్దు. కళ్ళు మూసుకుని చేతికందింది తీసుకుంటాను. తెల్లగా ఉంటే వెళ్దాం. లేదంటే ఇంక నన్నెవరూ ఆ ఊసెత్తొద్దు."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి మావయ్యగారు వాదనలో గెలిచారు. ఆయన మొహం చూస్తే జాలేసింది. ఒక్క కాయతో ఏదీ తేలదే, శాస్త్రం ప్రకారం ఓ పది కాయలైనా కొట్టి చూడాలి అని మొదలుపెట్టారు. "దేవుణ్ణి పదిసార్లు అడుగుతారేవిటండీ, ఆయనేవైనా చెవిటాయనా?" అన్నారావిడ. ఊపి చూడటంలో తప్పులేదే, నేనేదో ఊరికే అన్నాను అన్నారాయన. "మీరు ఊరికే అనరు కదండీ" అన్నారావిడ, ఎంతో గౌరవంగా.

మర్నాడు పొద్దున్నే వాకిట్లో ముగ్గు వేస్తుంటే పాకలోంచి చప్పుడు వినిపించింది. ఎలకేమో అనుకుని వెళ్ళాను. రాశి ముందు మావయ్యగారు లుంగీ ఎగ్గట్టి గొంతుక్కూర్చుని ఉన్నారు. చెవి దగ్గర కొబ్బరికాయ ఉంది.

"ఏం చేస్తున్నారు మావయ్యగారూ?"

"పాపం చేస్తున్నానమ్మా" అన్నారు ఆ మాట మీద నమ్మకం లేని మనిషి. "చేతనైతే ఓ చెయ్యి వెయ్యి. ఇందులో ఒక్క చెడ్డకాయ ఉండకూడదు. ఇంక ఆవిడ ఏది తీసుకున్నా పరవాలేదు."

నేను ముగ్గుచిప్ప కింద పెట్టి కూర్చున్నాను. నీళ్ళు గలగలమంటే మంచి కాయ, చప్పుడు లేకపోతే అనుమానం అని ఆయన సూత్రం కట్టారు. ద్రవం, ఖాళీ, ప్రతిధ్వని అంటూ నేను దానికి శాస్త్రం జోడించాను. లెక్కలూ ఫిజిక్సూ కలిసి దేవుడి పరీక్షపేపరు దిద్దుతున్నాయన్నమాట. చప్పుడు లేని కాయలన్నీ పాక వెనక గోనెసంచుల కింద దాచాం. మధ్యలో ఒకసారి ఆయన చూసి పెట్టేసిన కాయనే మళ్ళీ తీసి ఊపడం చూశాను. చూడనట్టు ఇంకో కాయ అందుకున్నాను. నాకు ఏడుపొస్తోందని ఆయనకు తెలియకూడదని నా తాపత్రయం.

అత్తయ్యగారు తలస్నానం చేసి, జరీ అంచు నేతచీర కట్టుకుని వచ్చారు. కళ్ళు మూసుకుని రాశిలో చెయ్యి పెట్టి పిలకున్న కాయ ఒకటి తీశారు. పొరపాటున కూడా దాని చప్పుడు చెవిన పడకూడదని చేతులు చాచి దూరంగా పట్టుకున్నారు. ఆటోలో అలాగే పట్టుకుని కూర్చున్నారు, పక్కింటివాళ్ళ పసిపిల్లను ఎత్తుకున్నంత భద్రంగా.

మా ఊరి శివాలయానికి ఎప్పుడెళ్ళినా మావయ్యగారు బయట చెప్పుల దగ్గర కూర్చుని పేపరు చదువుకునేవారు. ఆ రోజు లోపలికి వచ్చారు. పూజారిగారు ఆయన్ని చూసి ఒక మంత్రం తప్పారు. కాయ కొట్టే రాయి దగ్గరకు వెళ్ళాక అత్తయ్యగారు దాన్ని ఆయన చేతిలో పెట్టారు.

"మీరే కొట్టండి."

"నేనా? నాకేం నమ్మకం?"

"అందుకేనండీ. ఎటూ మొగ్గనివాళ్ళు కొట్టాలి కదా."

ఎటూ మొగ్గని ఆ మనిషి కళ్ళు మూసుకుని కొట్టారు. కంటికి కనిపించేలోపే వాసన వచ్చింది. చెక్కలు రెండూ లోపల నల్లగా, జిగటగా ఉన్నాయి. ఆ నీళ్ళు ఆయన తెల్ల చొక్కా మీద చిందాయి.

మేమే కదా ఏరాం, మేమే కదా ఈ కాయను రాశిలో ఉంచాం అనుకున్నాను. పూజారిగారు గంట కింద పెట్టేశారు. అత్తయ్యగారు ఆ చెక్కల వైపు చూసి, గర్భగుడి వైపు తిరిగి, ఎంతో మామూలుగా తలూపారు. సరేలే అన్నట్టు. అంటే ఇంక ఆపరేషన్ లేదు. ఆవిడ మాట తప్పరు.

అప్పుడు మావయ్యగారు అరిచారు. తరగతి గది చివరి బెంచీకి వినపడే గొంతుతో.

"కీడు పోయిందే!"

మండపంలో ఉన్నవాళ్ళందరూ ఇటు తిరిగారు.

"నీ మీదున్న గండం ఈ కాయ మీదికి పోయింది. చూడు, ఎంత నల్లగా పోయిందో! ఇంక నీకేం లేదు. నీకేం కాదు. నేను చెప్తున్నాను కదా, నీకేం కాదు."

రుజువు లేని మాట నోట రానివ్వని మనిషి. తాను జీవితమంతా మోసమన్న మాటనే, అందరి ముందూ, కుళ్ళిన కాయనీళ్ళు కారుతున్న చేతులతో నిలబడి చెబుతున్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. అత్తయ్యగారు ఆయన్ని కొత్త మనిషిని చూసినట్టు చూశారు.

"ఏవన్నారండీ?"

"కీడు పోయిందన్నాను."

"మళ్ళీ అనండి."

మళ్ళీ అన్నారు, ఈసారి మెల్లగా, ఆవిడకు మాత్రమే. ఆవిడ గర్భగుడి వైపు తిరిగి, చేతులు జోడించి, చాలాసేపు నిలబడ్డారు. తర్వాత కొంగుతో ఆయన చేతులు తుడిచారు. "పదండి, కాకినాడ వెళ్దాం" అన్నారు.

ఇంటికి తిరిగొచ్చేటప్పుడు ఆటో ఎక్కాం. ఆవిడే మొదలుపెట్టారు. "పాక వెనకాల గోనెలు నేను చూసేనండీ. కాయ తెల్లగా వచ్చుంటే మీరిద్దరూ ఏరిన కాయే కదాని నాకు అనుమానం ఉండిపోయేది. మీరింత ఏరినా కుళ్ళిందే వచ్చిందంటే అది మీ పని కాదు." మావయ్యగారు ఏదో అనబోయారు. ఆవిడ ఆగకుండా నా వైపు తిరిగారు. "ఇంక ఆ మాటంటారా. ఈయన చేత ఆ మాట అనిపించడం నా వల్ల కాలేదు, ఈయన్ని కన్న తల్లి వల్ల కాలేదు. కాయలో నీళ్ళు పోసినవాడు కాకపోతే ఈయన నోట్లో ఆ మాట పోసిందెవరమ్మా?"

అది నన్నడిగిన ప్రశ్న. ఈ ఉపపత్తికి ఎక్కడెక్కడ కన్నాలున్నాయో నాకు తెలుసు. మావయ్యగారికి ఇంకా బాగా తెలుసు. ప్రేమ, భయం, కంగారు, అన్నిటికీ దారులున్నాయి, అడిగితే చెప్పగలను. కానీ దారి ఎంత చెప్పినా, పొయ్యడం అనేది ఒకటి జరిగింది, నా కళ్ళముందే జరిగింది. నేను "ఏమో అత్తయ్యగారూ" అన్నాను. అంతకంటే నిజమైన జవాబు నేను ఏ క్లాసులోనూ చెప్పలేదు.

ఆ సాయంత్రం ఆవిడ గోనెల కింది కాయలు తీసి ఒక్కొక్కటే మీటి నవ్వడం మొదలుపెట్టారు. "శుభ్రవైన కాయలన్నీ తీసవతల పెట్టేరేవిటండీ? నిండుకుండ తొణకదని పిల్లలకి చెప్తారు కదా, అది కాయకి వర్తించదా?" అన్నారు. నవ్వితే ఆయాసం వస్తోందని ఆపుకుంటూ నవ్వారు.

ఆపరేషన్ రోజు మావయ్యగారు ఆసుపత్రి వరండాలో నిలబడే ఉన్నారు. కుర్చీ చూపిస్తే తల అడ్డంగా ఊపారు. అయ్యాక డాక్టరు వచ్చి బాగా జరిగిందన్నారు. గుండెను ఆపి, రక్తం పనంతా మిషనుకు అప్పగించి, పాత కవాటం తీసి లోహపుది కుట్టామన్నారు. నేను ఉండబట్టలేక, మళ్ళీ గుండెను ఎలా మొదలుపెడతారండీ అని అడిగాను.

"వెచ్చటి రక్తం లోపలికి వదుల్తాం. ఒక్కోసారి షాక్ ఇవ్వాలి. ఈవిడకి అక్కర్లేకపోయింది, దానంతటదే మొదలైంది" అన్నారాయన.

"దానంతటదేనా?" అన్నారు మావయ్యగారు.

"ఆయ్. దానంతటదే."

మావయ్యగారు అప్పుడు కూర్చున్నారు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఎదురుగా గోడను చూస్తూ, ఆ ఒక్క మాటనే లోపల్లోపల అనుకుంటూ ఉండిపోయారు. నేనూ పక్కన కూర్చున్నాను. రక్తంలోని ఉప్పు అయాన్లే కండరంలో విద్యుత్తు పుట్టిస్తాయి, నాకు దారి తెలుసు. చెప్పబుద్ధి కాలేదు. నా జీవితంలో నేను కూర్చున్న గుడి ఏదైనా ఉంటే అది ఆ వరండా.

తర్వాత ఒకసారి ఆయన్ని అడిగాను, ఆ రోజు అబద్ధం చెప్పారా అని. "రుజువు లేని మాటేనమ్మా. కానీ నోట్లోంచి వచ్చేటప్పుడు అబద్ధంలా లేదు. ఎక్కణ్ణుంచొచ్చిందో ఇంకా వెతుక్కుంటున్నాను" అన్నారు. దేవుడి మీద వాదనలు మళ్ళీ మొదలయ్యాయి, కాఫీతో సహా. ఎవరూ ఎవరినీ ఒప్పించలేదు.

లోహపు కవాటం చప్పుడు చేస్తుంది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే, పక్కన కూర్చున్నవాళ్ళకు చిన్న గడియారంలా వినిపిస్తుంది. పొద్దున్న నేను ముగ్గు వేసి వచ్చేసరికి అత్తయ్యగారు అరుగు మీద స్తంభానికి ఆనుకుని ఉంటారు. మావయ్యగారు కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, వంగి, ఆవిడ గుండె దగ్గర చెవి పెడతారు. "కోడలు చూస్తోందండీ" అని ఆవిడ కసురుకుంటారు. ఆయన వినిపించుకోరు. ఊపిరి బిగబట్టి, ఆ చప్పుడు మొత్తం విని, అప్పుడు లేస్తారు.

"మంచి కాయ" అంటారు.

"ఈసారి సరిగ్గా విన్నారు" అంటారావిడ.